పొడిని నమ్మని ఖయ్యూమ్ చాచా

మా ఖయ్యూమ్ చాచా పొడిని నమ్మడు. ఏ పొడైనా సరే. "గింజ గింజలెక్క ఉన్నంతసేపే దానికి ఇమాన్, నిజాయితీ. పొడైందంటే లోపల ఏం కలిసిందో అల్లాకే ఎర్క" అంటాడు. ఆర్మూర్ మార్కెట్ యార్డులో ఏళ్ల తరబడి పసుపు కొమ్ములు విరిచి, లోపలి రంగు చూసి రేటు చెప్పిన మనిషి. రిటైరైనా చేతులు ఊరుకోవు. బిస్కెట్ విరిచి చూస్తాడు, సబ్బు విరిచి చూస్తాడు. దవాఖానలో గొట్టం మాత్ర విప్పి, "డాక్టర్ సాబ్, గీ పిండి ఎవరు పట్టిండ్రు?" అని అడిగాడు. పాపం ఆ డాక్టరు, ఇప్పుడు చాచా వస్తే ముందు తానొక మాత్ర మింగి చూపిస్తాడు.

అలాంటి మనిషి తిరిగే బజారులో, నా జిరాక్స్ షాపు పక్కనే, మా ఊరి పిల్ల వర్షిత కోల్డ్ బ్రూ కాఫీ కౌంటర్ తెరిచింది. కాఫీ గింజలు బరకగా పట్టి, చన్నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టాలట. ఈ ఎండాకాలం నడవకపోతే కౌంటర్ మూసి, మళ్లీ హైదరాబాదు కాల్ సెంటర్ కొలువుకు పోవాల్సిందే. ఆ మాట తలచుకుంటేనే పిల్లకు ఏడుపొస్తుంది.

మొదటిరోజే కొంప మునిగింది. గింజలను ఎర్రన్న పసుపు పట్టే గిర్నీకి ఇచ్చి, "గోధుమ రవ్వలెక్క చాలన్నా" అని చెప్పింది. మా ఊళ్లో పొడి ఎంత మెత్తగా ఉంటే గిర్నీకి అంత పేరు. పరువు ఎక్కడ పోతుందోనని ఎర్రన్న రెండోసారి కూడా పట్టాడు. తెల్లారేసరికి నీళ్లన్నీ బురద. గుడ్డలోంచి చుక్క దిగదు, దిగిన చుక్క కాకర రసం.

చాచా ఆ పిప్పిని వేళ్ల మధ్య నలిపి, గిరాకీల ముందే అడిగాడు.

"ఏం కలిపినవ్ బిడ్డా? చింతగింజలా?"

"అయ్యో చాచా, ఉత్త కాఫీయే! మెత్తగైతే చేదంతా నీళ్లల్లకు దిగుతది."

"అందరు గట్లనే అంటరు."

ఇక గిర్నీకి దండం పెట్టి, వర్షిత ఇంట్లో ఉన్న చిన్న చేతి మరతో తానే బరకగా పట్టసాగింది. కాఫీ తేటగా, కమ్మగా దిగింది. గిరాకీ పెరిగింది, పట్టాల్సిన గింజలూ పెరిగాయి. అప్పుడు మళ్లీ దిగాడు చాచా. పొద్దున్నే వచ్చి మర లాక్కున్నాడు.

"నేనే తిప్పుత. నీ చేతుల్ల ఏం కలుస్తదో ఏమో."

"నా మీద గింత అనుమానమా చాచా?"

"మస్తు."

రోజూ ఇదే వరస. "అన్నా, దొంగను కావలి కాసినట్టు కూసుంటడు. చూసెటోళ్లు ఏమనుకుంటరు?" అని వర్షిత నా దగ్గర మొత్తుకునేది. నాకూ ఒళ్లు మండి, ఒకనాడు మసీదు నుంచి వస్తుంటే నిలదీశాను.

"చాచా, నువ్వు కాఫీ తాగవు, కొనవు. గా పిల్లనెందుకు సతాయిస్తున్నవ్?"

చాచా అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"పోరి అరచేతులు చూసినవా? అన్నీ బొబ్బలే. సాయం చేస్తనంటే వద్దంటది, పౌరుషం గల్ల పిల్ల. అనుమానమంటే మాత్రం మర ఇయ్యక తప్పదు కదా."

అన్నాళ్లూ ఆయన్ని తిట్టుకున్నందుకు సిగ్గేసింది. ముసలాయన మీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది.

"ఆమెకు చెప్పనులే చాచా."

"చెప్పకుంటే సాలదు. రేపటి సంది నువ్వు గూడ అనుమానపడు. జల్దీ అయితది."

తెల్లారి మర కోసం నేను చేయి చాపేసరికి వర్షిత నోరు తెరిచింది.

"అన్నా, నువ్వు గూడనా!"

"ఏం చేస్తం చెల్లె, రోజులు గట్లున్నయి" అంటూ మర అందుకున్నాను.