లక్క కింద మూడు చుక్కలు

నా చిన్నప్పుడు మా తాతయ్య దగ్గర ఏడు మడత కత్తులుండేవి. ఎనిమిదోది కూడా ఉండాల్సింది. అది ఆయన డబ్బాలోకి పోకుండా నా దగ్గరికి ఎందుకొచ్చిందో మా ఇంట్లో అందరికీ తెలుసు, ఒక్క మా మనవడికి తప్ప. వాడికీ చెప్పే ఉంటాను, వాడు ఫోను చూసుకుంటూ విని ఉంటాడు. పోయిన వారం ఆ కత్తిని కిటికీ వెలుతురులో పెట్టి ఫొటో తీశాడు. చేత్తో చేసిన కత్తులు పోగెయ్యడం, ఒకదాంతో ఒకటి పోల్చి వాదించుకోవడం వాడికీ హిజ్లీ ఐఐటీలో చదివే వాడి స్నేహితులకీ సరదా. ఫొటో కింద ఏం రాశావో చదవరా అన్నాను. "పాత రైల్వే కత్తి. చేసినవారు తెలియదు" అని చదివాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. వాడి మీద కోపం సగమే. మిగతా సగం అరవై ఏళ్ళు పైబడిన పాత కోపం, అది మా తాతయ్య మీద.

మా తాతయ్య శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి, వర్క్‌షాపులో కమ్మరి కొలిమి దగ్గర సమ్మెట పట్టి, అక్కడే ముసలివాడయ్యాడు. రిటైరయ్యాక ఆయనకున్న వ్యసనం ఒక్కటే, కత్తులు. మా ఊరి కమ్మరి చేసిన తాటిచేవ పిడి కత్తి, ఒడిశా నుంచి సంతకొచ్చే ఆయన చేసిన ఇత్తడి పిడిది, షాపులో ఒక ఫిట్టరు పాత రంపం బ్లేడుతో చేసింది, ఇలా ఒక్కొక్కటీ ఒక్కొక్క చేతిది. వాటన్నిటికీ రాజు కాసాయి నది అవతల ఉండే ఒక ముసలి కమ్మరి చేసిన గేదెకొమ్ము పిడి కత్తి. తాతయ్య వాటిని ఒక బిస్కట్ల డబ్బాలో, గుడ్డతో తనే కుట్టిన అరల్లో పెట్టుకునేవాడు. ఎనిమిది అరలు. ఆదివారం పూట నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ కత్తి మూస్తే ఎలా చప్పుడవుతుందో కళ్ళు మూసుకుని చెప్పమనేవాడు. బ్లేడు మొదట్లో, మన బొటనవేలు ఆనే చోట, చేసినవాడి గుర్తు ఉంటుంది. ముందు అది చూడాలి, తర్వాతే పదును చూడాలి అని నాకు నేర్పింది ఆయనే. అందుకే నాకింత మంట.

విశ్వకర్మ పూజ నాడు షాపులో పూజ అయిపోయాక మగవాళ్ళంతా మా క్వార్టరు వరండాకి చేరేవారు. ఎవరి కత్తి వారు తెచ్చుకునేవారు. తాతయ్య పరీక్ష ఏటా ఒకటే: జనపనార తాడు ఒక్క లాగుకి తెగాలి, వెదురు పుల్ల చీలకుండా చెక్కుకోవాలి, వక్క పొడి రాలకుండా పలుచగా రావాలి. ఈ మూడూ చేసి, అందరూ ఔనన్న కత్తి డబ్బాలోకి వెళ్ళేది. అప్పుడు తాతయ్య లేచి నిలబడి, చేసినవాడి పేరు గట్టిగా చెప్పేవాడు. ఆ పేరు వర్క్‌షాపు గేటు దాకా పాకిపోయేది. కత్తి కావలసినవాడు ఆ మనిషి దగ్గరికే వెళ్ళేవాడు.

పక్కింటి అక్కకి కావలసింది కూడా అదే. అక్క వాళ్ళు కాకినాడ వైపు నుంచి వచ్చిన క్రైస్తవులు, అక్క యాస మాత్రం మా వీధిదే. వాళ్ళ నాన్న ఫిట్టరు, సాయంత్రాలు ఇంటి వెనక బల్ల మీద కత్తులు చేసేవాడు. కొడుకులు లేరు, పక్కన కూర్చుని చూసింది అక్కే, ఆకురాయి పట్టింది అక్కే. ఆయన పోయాక పనులు రావడం ఆగిపోయింది. చెయ్యి పోయాక కత్తి ఎక్కడిది అనేవారు జనం. వాళ్ళ మేనమామ ఆ బల్ల, దాని మీద ఇనుము బిగించే వైసు అమ్మేసి, పిల్లని ఎవరింట్లోనైనా ఆయా పనికి పెడదామని కూర్చున్నాడు. అక్క అరిగిపోయిన ఉక్కు ఆకురాయిని కొలిమిలో సాగదీసి బ్లేడు చేసింది. వేలంలో కొన్న పాత బోగీ బల్ల చెక్కతో పిడి చేసింది. వాళ్ళ నాన్న గుర్తు రెండు చుక్కలు. అక్క మూడు చుక్కలు కొట్టుకుంది.

మొదటిసారి పూజకి ఆ కత్తిని తెస్తే, మా నాన్నకి షాపులో పై అధికారి, చార్జ్‌మన్‌గా ఉన్న పెద్దమనిషి చేతిలోకి తీసుకుని, తిప్పి చూసి, నవ్వాడు. ఇది వాళ్ళ నాన్న చేసి పెట్టి పోయింది, ఈ పిల్ల పైన ఒక చుక్క కొట్టి తెచ్చింది అన్నాడు. అంతే, మిగతావాళ్ళందరూ తలలూపారు. ఆడపిల్ల ఇనుము పని చేసిందని ఒప్పుకునే కంటే చనిపోయిన మనిషి చేశాడనడం వాళ్ళకి తేలిక.

మరుసటి ఏడాది తాతయ్య ఒక ఉపాయం పన్నాడు. పార్సెల్ ఆఫీసులో మూటలకి సీలు వేసే ఎర్ర లక్క తెచ్చి, డబ్బాలోవి ఏడు, అక్కది ఒకటి, ఎనిమిది కత్తుల గుర్తుల మీదా కరిగించి పోశాడు. మడత గాడి వదిలి, పిడులకి నా చేత పాత గుడ్డ చుట్టించాడు. ఇప్పుడు ఎవరి కత్తి ఏదో ఎవరికీ తెలియదు. ముందు రోజు సాయంత్రం అక్కని పిలిచి నా ఎదుటే మాటిచ్చాడు.

"అందరి ముందర నానే లక్క పీకి నీ పేరు సెప్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు."

ఆ మాట నేను విన్నాను. రెండు చెవులతో విన్నాను.

ఉపాయం పారింది. గుడ్డ చుట్టిన ఎనిమిది కత్తులనీ చార్జ్‌మన్‌గారే పరీక్షించాడు. తాడు కోశాడు, వెదురు చెక్కాడు, ఒక్కో కత్తినీ చెవి దగ్గర పెట్టుకుని మూశాడు. చివరికి ఒక కత్తితో వక్క కోసి, ఆ పలకని వెలుతురులోకి ఎత్తి చూసి, ఇదిరా కత్తి అన్నాడు. ఇది కాసాయి అవతలి ముసలాయనది, ఈ పదును ఇంకెవరి చేతికీ రాదు అని తీర్పు చెప్పాడు. అది అక్క కత్తి. గుడ్డ చుట్టింది నేనే, నాకు తెలుసు. అక్క గోడవతల నిలబడి ఉంది. తాతయ్య గోరు లక్క మీదికి వెళ్ళింది. అప్పుడాయన కళ్ళు మా నాన్న మీద పడ్డాయి.

మా నాన్నకి ఆ నెలలోనే పై గ్రేడుకి ట్రేడ్ టెస్టు. పాసవుతాడో లేదో రాసేది ఈ పెద్దమనిషే. నలుగురిలో ఆయన్ని తప్పని చూపిస్తే ఏమవుతుందోనని తాతయ్య నీళ్ళు నమిలాడు. గోరు వెనక్కి తీసుకున్నాడు. కత్తిని అలాగే లక్కతో పక్కన పెట్టి, నవ్వుతూ అన్నాడు:

"సేసినోలు ఎవులైతే ఏటి బాబూ. పనే మాటాడతాది."

ఎంత చక్కటి మాట. ఈ రోజుకీ ఎవరైనా ఇలాంటి మాట అంటే నాకు ఒళ్ళు మండిపోతుంది. పని మాట్లాడదు. ఇంకొకడి పేరు పెడితే మారు మాట్లాడకుండా పడి ఉంటుంది.

గోడవతల అక్క ముఖం చూశాను. ఏడవలేదు, అరవలేదు. నేను మాత్రం ఆగలేకపోయాను. పదేళ్ళ దాన్ని, కోపం తప్ప ఇంకేమీ లేనిదాన్ని. కత్తి లాక్కుని పెరట్లోకి పరిగెత్తాను. అక్కడ పీటకి బిగించిన, చేత్తో తిప్పే సానచక్రం ఉండేది. షాపు పని చేసే ప్రతి ఇంట్లోనూ అలాంటిదొకటి ఉండేది, మా నాన్న తుప్పు పట్టిన ప్రతిదీ దాని మీదే పెట్టేవాడు. లక్క గోరుతో పీకితే ఆలస్యమని దాన్ని సానకి పెట్టాను. కుడి చేత్తో తిప్పుతూ ఎడమ చేత్తో అదిమిపెట్టాను. రవ్వలు లేచాయి, లక్క కాలిన కంపు కొట్టింది. లక్క పోయింది. గర్వంగా వరండాలోకి తెచ్చి, చూడండి ఎవరి గుర్తో అని చాపాను.

గుర్తు లేదు. లక్కతో పాటు మూడు చుక్కలూ అరిగిపోయాయి. పైగా బ్లేడు సగం దాకా నెమలికంఠం రంగుకి తిరిగింది. సాన వేడికి ఉక్కు అలా నీలమైతే పదును చచ్చిపోయినట్టే. ఆ సంగతి కమ్మరి మనవరాలికి తెలియకపోలేదు, ఆ క్షణంలో గుర్తు రాలేదు. అంత గొప్ప ముసలాయన కత్తిని పాడుచేసిందని చార్జ్‌మన్‌గారు కేకలేశాడు. తాతయ్య లేచి నా చెంప మీద ఒక్కటిచ్చాడు. జన్మలో ఆయన నన్ను కొట్టింది ఆ ఒక్కసారే. అది ఎవరి తప్పుకి కొట్టిన దెబ్బో ఆయనకీ తెలుసు.

అప్పుడు అక్క గేటు తోసుకుని వచ్చింది. నా చేతిలోంచి కత్తి తీసుకుని నీలం రంగు మీద వేలు రాసింది.

"ఈ కత్తి నాను సేసినాను. పాడైపోనాది, నానే బాగుసేస్తాను. అయ్యీదాకా ఎవులూ ఎల్లకండి."

చార్జ్‌మన్‌గారికి ఉన్నట్టుండి షాపులో పని గుర్తొచ్చింది. లేవబోతే ఎదురింటి బెంగాలీ డ్రైవరు దాదా తన కుర్చీ మెట్లకి అడ్డంగా జరుపుకుని, "బోషున్ దాదా" అన్నాడు. ఆయన కూర్చోక తప్పలేదు.

అక్క మా వంటింటి అంగీఠీని వరండాలోకి తెచ్చి బొగ్గులు రాజేసింది. చిన్న సుత్తితో కీలు మేకు తట్టి తీసి, బ్లేడుని పిడి నుంచి విడదీసింది. ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చింది. మెల్లగా చల్లారితేనే ఉక్కు మెత్తబడుతుంది, మెత్తబడితేనే గుర్తు పడుతుంది. అందాకా గంటసేపు ఎవరికీ ఏ పనీ లేదు. అంతమంది మగవాళ్ళు కుక్కిన పేనుల్లా కూర్చుని బూడిద వంక చూశారు. తాతయ్య నేల చూపులు చూశాడు. నా చెంప మండుతూనే ఉంది, అయినా ఆ గంట నాకు పండగలా ఉంది. నేను కోపంతో చుక్కలు చెరిపేశాను, ఆవిడ అదే కోపంతో కూర్చుని చుక్కలు పెట్టబోతోంది. ఆ తేడా ఆ రోజు నాకు కళ్ళకి కట్టినట్టు కనిపించింది.

బూడిదలోంచి బ్లేడు తీసి, దాని మీద చుక్కలు కొట్టే మొన ఉలి పెట్టి సుత్తితో మూడు దెబ్బలు కొట్టింది. ఒకటి, రెండు, మూడు. చుక్కలు పడ్డాయి. మళ్ళీ ఎర్రగా కాల్చి ఆవనూనెలో ముంచింది. ఇటుకపొడితో తళతళలాడేలా తోమి, బొగ్గుల సెగకి పట్టుకుని, అంచు తేనె రంగు తిరిగీ తిరగకముందే నీళ్ళలో పెట్టింది. మేకు బిగించింది, రాయి మీద నూరింది. కత్తిని మూసినప్పుడు పాత చప్పుడే వచ్చింది. ఒక వక్క తీసి చార్జ్‌మన్‌గారి అరచేతిలో పెట్టి, కత్తి ఆయనకే ఇచ్చింది. ఆయన కోశాడు. పలక పలుచగా వచ్చింది. కత్తి కింద పెట్టి వెళ్ళిపోయాడు. దాదా కుర్చీ పక్కకి జరిపాడు.

అప్పుడు తాతయ్య లేచి నిలబడి అక్క పేరు చెప్పాడు. గట్టిగానే చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. డబ్బా తెరిచి ఎనిమిదో అర చూపించాడు. అక్క తల అడ్డంగా ఊపింది.

"వద్దు తాతా. లక్క మీరు పీకుతానన్నారు. ఈ గుంట పీకింది."

కత్తి నా చేతిలో పెట్టి, ఇంకోపాలి సానకి మాత్రం ఎట్టకు అంది.

పనులు మర్నాడే వచ్చి పడలేదు, రెండు మూడు నెలలు పట్టింది. కానీ వచ్చాయి, బల్లా వైసూ ఇంట్లోనే ఉన్నాయి. మా నాన్న ఆ నెల ట్రేడ్ టెస్టు పాసయ్యాడు. చార్జ్‌మన్‌గారు కక్ష కట్టనూ లేదు, పల్లెత్తు మాట అననూ లేదు. తాతయ్య దేనికి భయపడి మాట తప్పాడో అది జరగనే లేదు. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది అదే. జరిగి ఉంటే కనీసం ఆయన్ని అర్థం చేసుకునేదాన్నేమో.

ఎనిమిదో అరలో తాతయ్య మళ్ళీ ఏ కత్తీ పెట్టలేదు. ఏటా విశ్వకర్మ పూజ నాడు, ఒకసారి సూపించవే అని అడిగేవాడు. చూపించేదాన్ని. చేతికి ఇచ్చేదాన్ని కాదు, నా అరచేతిలోనే పెట్టుకుని చాపేదాన్ని. ఆయన బొటనవేలు మూడు చుక్కల మీద ఆన్చి, వేలు వెనక్కి తీసుకునేవాడు. ఆయన పోయే ముందు ఏడాది కూడా అంతే. ఇచ్చి ఉండాల్సిందని మా కోడలంటుంది. నేను ఇవ్వలేదు, ఇప్పుడైనా ఇవ్వను. ఆయన్ని ఎంత ప్రేమించానో నాకు తెలుసు, ఆ ప్రేమ కత్తికి సంబంధించింది కాదు.

అక్క ముసలితనంలో ఒకసారి నీ పేరు ఎక్కడైనా రాస్తానే అన్నాను. సుక్కలు సాలవేటి అంది. అందుకే ఇక్కడా రాయలేదు. మనవడిని మాత్రం ఎదురుగా కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. నేను చెప్పినంతసేపూ వాడు ఫోను ముట్టలేదు. తర్వాత కత్తిని నా అరచేతిలోనే ఉంచి, బొటనవేలు చుక్కల మీద ఆన్చి చూశాడు. ఇన్నేళ్ళుగా కూరగాయలు తరిగీ తరిగీ అవి బాగా పలచబడ్డాయి. ఫోను తీసి ఆ రాత కొట్టేశాడు. కొత్తది రాసి, ఈసారి అడక్కుండానే చదివి వినిపించాడు. మూడు చుక్కల ఆవిడ చేసింది, మా మామ్మ దగ్గరుంది, ఇవ్వదు అని రాశాడు.

బాగానే రాశాడు వెధవ.