సాలమన్ పడవకు ముక్కు

అమీర్‌పేటలో ఎక్కడ నిచ్చెన వేసి ఉన్నా దాని కింద రాజనర్సయ్య చెప్పులు కనిపించిన రోజులున్నాయి. మైత్రీవనం చుట్టూ కోచింగ్ సెంటర్లు పుట్టగొడుగుల్లా లేచిన కాలంలో, గోడల్లోంచి రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన బోర్డుల్లో సగం ఆయన బిగించినవే. వాటి మీద అక్షరాలు రాసేది సాలమన్. పసుపు మీద ఎరుపు, అదొక్కటే ఆయనకు నచ్చిన జోడి. రాజనర్సయ్య నిచ్చెన మీద ఉండగానే సాలమన్ రోడ్డు దాటి, ఎదురుగా ఇరానీ హోటల్ ముందు నిలబడి, ఒక కన్ను మూసి చూసేవాడు.

"జర ఎడమకు, తమ్మి. ఇంకొంచెం. ఆఁ, సీదా ఉన్నది, దిగు."

ఆ మాట చెవిన పడకుండా రాజనర్సయ్య ఏనాడూ దిగలేదు. ఒక్క తల్లి పిల్లలు కాకపోయినా ఊరంతా వాళ్ళను అన్నదమ్ములనే అనుకుంది. వాళ్ళూ కాదనలేదు.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చి బ్రష్షు నోట్లో మట్టి కొట్టాయి. సాలమన్ హుస్సేన్‌సాగర్ ఒడ్డున పడవల క్లబ్బులో రంగులు వేసే పనికి కుదిరాడు. రంగులకని పోయినవాడు తెరచాపల పిచ్చి అంటించుకున్నాడు. ఎవరో వద్దని వదిలేసిన పాత పడవ ఒకటి, ఇద్దరు ముడుచుకుని పడుకునేంత గదితో సహా, తెచ్చుకుని బాగుచేసుకున్నాడు. "ఇంటి గోడలకు సున్నం లేదు గని పడవకు రంగులా" అని సణిగిన భార్య జీవమణే చివరికి మిషను ముందు కూర్చుని దానికో పెద్ద పసుపు తెరచాప కుట్టిపెట్టింది. వెనకగాలికి బెలూన్‌లా ఉబ్బే రకం.

ఆ తెరచాప మాత్రం మడత విప్పుకోలేదు. దాని ముందు మూల కట్టాలంటే పడవ మూతి దాటి ముందుకు చాచిన గొట్టం కావాలి. క్లబ్బువాళ్ళు దాన్ని బౌస్ప్రిట్ అంటారు, సాలమన్ ముక్కు అంటాడు. ఈ ఏడు పెడదాం, పై ఏడు పెడదాం అనుకుంటుండగానే ఆయన కళ్ళకు నీటికాసులు పట్టాయి. ఇప్పుడు గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్యన కాస్త చూపు మిగిలింది. అది వచ్చే వానాకాలం దాకా ఉంటుందన్న ఆశ పెట్టుకోవద్దని పంజాగుట్టలో డాక్టరమ్మ చెప్పింది.

"గీ వానాకాలం గాలి పోతే మల్ల ఏడాదికే, తమ్మి" అన్నాడు సాలమన్. "మీ వదిన కుట్టినది ఉబ్బంగ ఒక్కసారి చూడాలె. ముక్కు నువ్వే పెట్టు."

రాజనర్సయ్య ఇప్పుడు తను రెయిలింగులు చేసే షెడ్డులో కూర్చుని స్టీలు గొట్టం కోసి, పట్టీలు చేసి, పడవ ముందుభాగాన బోల్టులతో బిగించాడు. కొసకు ఒక తీగ కూడా కట్టాడు. బోర్డుకు తీగ ఎలా కట్టాలో ఆయన చేతులకు నేర్పక్కర్లేదు: గోడ పైనుంచి లాగి కొసకు బిగించడమే. ఇక్కడ గోడ లేదు కనుక తెరచాప స్తంభం మీద నుంచి లాగాడు. రోడ్డు దాటి చూసేవాడు లేడు.

ఆదివారం ప్రార్థన అయ్యాక జీవమణి చర్చి చీరలోనే పడవెక్కింది. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి ట్యాంక్‌బండ్ మీదికి మంచి గాలి కొడుతోంది. చుక్కాని సాలమన్ చేతిలో, తాడు రాజనర్సయ్య చేతిలో. పసుపు గుడ్డ సగం విచ్చుకుందో లేదో, నమ్ముకున్న తీగ కాస్తా వదులైపోయింది. గొట్టం బర్రె మూతి ఎత్తినట్టు పైకి లేచింది. బోల్టులు ఊడి, తెరచాప నీళ్ళలో పడింది.

"తార్ ఎక్కడికెల్లి కట్టినవ్?" అన్నాడు సాలమన్.

"మీదికెల్లి. ఇంకెక్కడికెల్లి కడ్తరన్న?"

సాలమన్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. "బోర్డు కింద పడాలని చూస్తది. తెరచాప మీదికి ఎగరాలని చూస్తది. తార్ కిందికెల్లి పట్టాలె, తమ్మి. తప్పు నాది సుత, నేను చూడలే."

"ఎక్కడికెల్లి కట్టినవని నేను సుత అడగలే" అంది జీవమణి, తడిసిన గుడ్డను ఒళ్ళోకి లాక్కుంటూ.

ఆ సాయంత్రం రాజనర్సయ్య మెట్రో కింద నడుస్తూ తలెత్తి చూశాడు. తను బిగించిన బోర్డు ఒక్కటీ లేదు. ఇరానీ హోటల్ ఉన్నచోట సెల్‌ఫోన్ల షాపు. అవతల నిలబడి చూద్దామన్నా మెట్రో స్తంభం అడ్డం. ఆయనకు ఏడుపొచ్చింది. పని చెడిపోయినందుకు కాదు, అన్న అటువైపు నిలబడి చూడకుండా తను తీగ కట్టిన మొదటి పని ఇదేనని తెలిసొచ్చినందుకు.

మరుసటి ఆదివారం గొట్టాన్ని మళ్ళీ బిగించి, పడవ మూతికి, నీళ్ళకు జానెడు పైన రింగు బిగించి, అక్కడి నుంచి గొట్టం కొసకు తీగ లాగి కట్టాడు. సాలమన్ చెయ్యి పట్టుకుని దాని మీద పెట్టాడు. ఆయన వేలితో మీటి చూసి, చుక్కాని దగ్గరికి పోయాడు.

ఈసారి తెరచాప టప్పుమని విచ్చుకుంది. అది గొట్టాన్ని పైకి గుంజింది, కింది తీగ బిగిసి పట్టుకుంది. ఎదురుగా ఆకాశంలో సగం పసుపే. తాడు కట్టేసి గొట్టం దగ్గర కూర్చున్న రాజనర్సయ్య తెరచాపను చూడలేదు, వెనక్కి తిరిగి అన్నను చూశాడు. సాలమన్ తల అటూ ఇటూ తిప్పి, చూపుకు ఆ పసుపు దొరికిన చోట ఆపి, ఒక కన్ను మూశాడు. జీవమణి ఆయన భుజం పట్టుకుంది.

"సీదా ఉన్నది, తమ్మి" అన్నాడు. "దిగు."

చుట్టూ నీళ్ళే. రాజనర్సయ్య రెండు చేతులతో గొట్టాన్ని గట్టిగా పట్టుకున్నాడు.

"దిగనన్న" అన్నాడు. "జరసేపు గిట్లనే ఉండనియ్."