కంప్యూటర్ మూత లోపల పతంగి

దయ్యాల గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మా బాన్సువాడలో కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో ఎవరికీ తెలియదు. దానికి భయపడటంతోనే రోజు గడిచిపోతుంది. ఇక దయ్యాలకు భయపడే తీరిక ఎక్కడిది? ఫలానా చోట తెల్లచీర కనబడిందని ఎవరైనా వణుకుతూ చెబితే, ఎవరు ఆరేసుకున్నారో కనుక్కోమనే రకం నేను. ఇప్పటికీ అదే రకం. ఒక్క విషయం దగ్గర మాత్రం నా నోరు ఆగిపోతుంది. అది చీర కాదు, పెన్సిల్‌తో గీసిన ఒక పతంగి.

ఎనభై అయిదులో నేను ఇంటర్ తప్పాను. బాపు నన్ను చెరుకు తోట పనిలో పెట్టేయాలని తీర్మానించాడు. అప్పుడే మస్కట్ నుంచి సెలవు మీద వచ్చిన మా బావ, అంటే అక్క భర్త, నాకోసం ఒక చిన్న కంప్యూటర్ పట్టుకొచ్చాడు.

"ఒక్క ఏడాది టైమియ్యి మామా. నేను మళ్ల వచ్చేసరికి వీడు దీని మీద పనికొచ్చేది ఏదన్న చేసి చూపిస్తడు. చెయ్యకుంటె నీ ఇష్టం" అన్నాడు.

బాపు ఒప్పుకున్నాడు. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

ఆ కంప్యూటర్ అంటే పెద్ద యంత్రమేమీ కాదు. పలక కంటే కాస్త మందం, పైన మీటలు. దాన్ని టీవీకి తగిలించాలి. రాసిన ప్రోగ్రాం టేప్‌రికార్డర్ క్యాసెట్‌లో దాచుకోవాలి. క్యాసెట్ నుంచి మళ్లీ ఎక్కిస్తుంటే ఒక కీచు శబ్దం వచ్చేది. "ఎవడురా గా కోడి మెడ పిసుకుతుండు?" అని బాపు వాకిట్లోంచి అరిచేవాడు.

ఏడాదంతా కూర్చుని ఒక ప్రోగ్రాం రాశాను. నిజాంసాగర్ కాలువ నీళ్లు మా తూము కింద ఏ రోజు ఎవరి పొలానికి పారాలో చెప్పే ప్రోగ్రాం. మా దగ్గర ఈ నీటి వంతుల మీద జరిగినన్ని కొట్లాటలు పెళ్లిళ్లలో కూడా జరగవు. ఇది చూస్తే బాపు మెత్తబడతాడని నా ఆశ.

బావ రావడానికి పది రోజులుందనగా కంప్యూటర్‌ను నా చేతులతోనే చంపాను.

మా దగ్గర పొలాల కరెంటు తీసేసినప్పుడు మోటర్లన్నీ ఒక్కసారే ఆగుతాయి. వోల్టేజీ ఎగిరి ఇళ్లలో బల్బులు తెల్లగా మండుతాయి. ఆ రోజు అలా మండినప్పుడు కంప్యూటర్ అడాప్టర్ కాలిపోయింది. కొత్తది కొనే దారి లేదు, బాపును అడిగే దారి అంతకన్నా లేదు. రేడియోకు బ్యాటరీల బదులు పెట్టే ఎలిమినేటర్ తెచ్చి గుచ్చి చూశాను. పిన్ను చక్కగా సరిపోయింది. శాస్త్రవేత్తనైపోయానని సంబరపడ్డాను. ప్లస్సు, మైనస్సు తారుమారుగా ఉన్నాయని ఆ శాస్త్రవేత్తకు తెలియదు. కొంచెం కాలిన వాసన, టీవీ నిండా చీమల్లాంటి చుక్కలు. అంతే. పెద్ద డ్రామా ఏమీ జరగలేదు.

నిజామాబాద్‌లో ఒక దుకాణం వాడు మూత విప్పకుండానే చూసి, ఇంకోటి కొనుక్కోమని సలహా ఇచ్చాడు. సలహా ఉచితమే.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లోనే విప్పాను. పక్కన అక్క మామిడికాయలు కోస్తోంది. ఇది ముఖ్యం, ఎందుకంటే సాక్షి తనే. ఒక స్క్రూ మీద కంపెనీ వాడి కాగితం ముద్ర చిరగకుండా ఉంది. దాన్ని నా గోటితోనే చింపాను. మూత లేపాను.

తెల్లటి ప్లాస్టిక్ మూత లోపల, పెన్సిల్‌తో గీసిన చిన్న పతంగి. తోక ఎడమ వైపుకు వంగి ఉంది. తోకకు రెండు ముడులు.

"గిదేందిరా, పతంగా?" అంది అక్క.

"కంపెనీ గుర్తక్కా. ఆ దేశంల పతంగులు బాగ ఎగరేస్తరేమో" అన్నాను. నిజంగా అలాగే అనుకున్నాను కూడా.

మరుసటి రోజు పొద్దున్నే బస్టాండ్ దగ్గర రేడియోలు, టీవీలు బాగు చేసే యాదగిరన్న దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కంప్యూటర్‌ను చూడటం అదే మొదలు. మూత తీశాడు. చూశాడు. పాడుతున్న రేడియో బంద్ చేశాడు. అటక మీది పాత వాల్వు రేడియో దించి, దాని వెనక అట్ట ఊడదీసి నా ముందు పెట్టాడు.

అదే పతంగి. అదే ఎడమకు వంగిన తోక.

అది ఆయనకు పని నేర్పిన కరీం ఉస్తాద్ గుర్తు. ఉస్తాద్‌కు రాయడం రాదు. బాగు చేసిన ప్రతి సెట్టులోనూ, పాడైన ముక్కకు సరిగ్గా ఎదురుగా, మూత లోపల పతంగి గీసేవాడు. ఎన్నిసార్లు బాగు చేస్తే తోకకు అన్ని ముడులు. తర్వాత విప్పేవాడు వెతుక్కోకుండా అన్నమాట. ఉస్తాద్ పోయి అప్పటికి ఆరేళ్లు. ఆయన టీవీ కూడా ముట్టి ఎరగడు. ఆయన పోయేనాటికి నా కంప్యూటర్ తయారే కాలేదు.

"చేతుల మీద ఎంటికలు లేచినయ్ తమ్మీ" అన్నాడు యాదగిరన్న.

"ఫ్యాన్ కింద కూసున్నవ్ అన్నా. ఆయన ఇంత దూరం వచ్చినోడు, బాగు చేసే పోవచ్చు గద?"

"ఉస్తాద్ ఎన్నడన్న పైసల్లేకుంట ఉత్తగ చేసిండా?"

మూత మళ్లీ ఆనించి, పతంగి ఏ ముక్క మీదికి వస్తుందో చూశాడు. అది వేలి గోరంత ట్రాన్సిస్టర్, మూడు కాళ్లది. మీటర్ పెట్టాడు. చచ్చింది అదే. ఉస్తాద్ సగంలో వదిలిపోయిన ఒక రేడియోలో అలాంటివే రెండు దొరికాయి. ఒకటి పీకి ఇందులో అతికించాడు. ఎలిమినేటర్ తీగలు సరిచేశాడు. దుకాణంలోని టీవీ మీద అక్షరాలు వచ్చాయి.

రెండోది కూడా పీకి, పేపర్ ముక్కలో చుట్టి నా జేబులో పెట్టాడు. "రెండు ముడులున్నయ్. ఇంకోపారి పోతది."

ఆయన మనసు నొప్పించడం ఎందుకని ఉంచుకున్నాను.

బావ వచ్చాడు. ఆదివారం పొద్దున టీవీ ముందు బాపు, బావ, అక్క కూర్చున్నారు. కోడి మెడ పిసికిన శబ్దమంతా అయ్యాక ప్రోగ్రాం ఎక్కింది. తెర మీద మొదటి రైతు పేరు వచ్చింది. ఆ వెంటనే చీమలు వచ్చాయి.

బాపు తువ్వాల దులుపుకుని లేచాడు. "రేపు తెల్లారంగ తోట కాడికి రా" అన్నాడు. బావ నా వైపు చూడలేదు. ఆయన తిడితే బాగుండేది.

అప్పుడు జేబులోని పొట్లం గుర్తొచ్చింది. "అర్ధగంట బాపూ" అని కంప్యూటర్ చంకన పెట్టుకుని సైకిలెక్కాను. యాదగిరన్న నన్ను చూసి కుర్చీ జరిపి చోటిచ్చాడు. సోల్డరింగ్ ఐరన్ అప్పటికే వేడెక్కి ఉంది. "గీసారి నువ్వే వెయ్" అన్నాడు. వేశాను. చెయ్యి కాలింది. పని అయింది.

తిరిగొచ్చేసరికి బాపు అరుగు మీదే ఉన్నాడు. మళ్లీ ఎక్కించాను. కాసేపు తెర వైపు చూసి, "బేస్తవారం ఎవల వంతు?" అని అడిగాడు. నొక్కాను. మాదే.

"చూసినవానయ్యా అల్లుడా? మొన్న బేస్తవారం మన నీళ్లు ఆ పక్క పొలం మల్లిగాడు మలుపుకున్నడు!" అంటూ చెప్పులేసుకుని బయల్దేరాడు. తోట సంగతి మళ్లీ ఎత్తలేదు.

తర్వాత ఆ పతంగి ఎలా వచ్చిందో తేల్చుకోవడానికి నాకు తోచిన దార్లన్నీ వెతికాను. బావ కంప్యూటర్‌ను దుకాణంలో సీలు మీదనే కొన్నానని ఒట్టేశాడు. ఉస్తాద్‌కు పిల్లల్లేరు, యాదగిరన్న తప్ప శిష్యుల్లేరు. బోధన్ దాటి ఆయన ఎటూ పోలేదు. యాదగిరన్నే గీశాడందామంటే, మూత మా ఇంట్లో తీసింది నేను, బొమ్మను ముందు చూసింది అక్క. కంపెనీలో ఎవడో సరదాకు గీశాడందామంటే, రెండు ముడులు ఎలా లెక్క కుదిరాయి? నాకు తెలియదు. తెలిసినట్టు నటించడం కూడా రావడం లేదు.

ఇది జరిగి మూడేళ్లు. ఇప్పుడు నేను పని చేసేది యాదగిరన్న దుకాణంలోనే. కంప్యూటర్ ఆ తర్వాత ఒక్కసారి కూడా పాడవలేదు. అయినా నెలకోసారి మూత విప్పి ముడులు లెక్కపెడతాను. భయంతో కాదు, ఉండబట్టలేక.

మొన్న కూడా చూశాను. రెండే. ఎప్పుడైనా మూడోది కనబడితే దయ్యాల సంగతి మళ్లీ ఆలోచిస్తాను. దానికంటే ముందు మాత్రం ఐరన్ వేడికి పెడతాను.