సున్నా రాసిన రోజు

"...గుచ్చుకుంటే నాకు తెలియదా అక్కా? దుప్పటి అంచు గీసుకుంది, అంతే."

"అంచు గీసుకుంటే చుక్కలా రక్తం వస్తుందా? గ్లవ్ విప్పు."

"మెల్లగా! అటువైపు వింటున్నారు."

"విననీ."

"నీకేం, మధ్యాహ్నం క్లాసు చెప్పి చేతులు దులుపుకుంటావు. వీళ్లందరి చేతా రోజూ తిట్లు తినాల్సింది నేను. ఇంకో మూడు రోజులక్కా. ఆ తర్వాత నువ్వేం చెయ్యమంటే అది చేస్తా."

ఆసుపత్రి లాండ్రీలో, మాసిన బట్టలు వేరుచేసే బల్ల దగ్గర జరిగిన మాటలివి. గ్లవ్ విప్పమన్నావిడను అందరూ కళ్లజోడక్క అంటారు. విప్పనన్నది ఆమె తోడికోడలు. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే బల్లకు అటూ ఇటూ నిలబడి పనిచేస్తున్నారు. పొద్దున్నే ఇంట్లో బాత్రూం దగ్గర పోట్లాడుకుని వచ్చినా, బల్ల దగ్గర ఒకరి చెయ్యి ఒకరికి అడ్డం రాదు.

మూడు రోజుల సంగతి గోడ మీద ఉంది. పచ్చ బోర్డు మీద "ప్రమాదం లేని రోజులు: 997" అని ఆ పొద్దున్నే సూపర్‌వైజర్ రాశాడు. వెయ్యి నిండితే లాండ్రీ షెడ్డు మొత్తానికీ వారం సెలవు. ఆ తొమ్మిది వందల తొంభై ఏడు రోజుల్లో వార్డుల నుంచి వచ్చిన దుప్పట్ల మడతల్లో ఎన్ని సూదులు దొరికాయో అక్కడ తెలియనివాళ్లు లేరు. గుచ్చుకుంటే కుళాయి కింద వేలు కడుక్కుని, టేపు చుట్టుకుని, పైన కొత్త గ్లవ్ తొడుక్కోవడం అక్కడి పద్ధతి. కొత్తగా చేరినవాళ్లకు దుప్పటి మడత పెట్టడం కన్నా ముందు నేర్పేది అదే.

కళ్లజోడక్క కూడా అలాగే నేర్చుకుంది, అలాగే నేర్పింది. విభాగానికి ఒకరిని భద్రతా శిక్షణకు పంపమని పైనుంచి కాగితం వచ్చినప్పుడు, "నీకు కళ్లజోడుంది కదా, నువ్వెళ్లు" అన్నాడు సూపర్‌వైజర్. అక్కడికి వచ్చినవాళ్లలో నర్సులున్నారు, ఇంజనీర్లున్నారు. ఈమె చదువు ఏడో తరగతితో ఆగింది. మొదటి వారం వెనక బెంచీలోనే కూర్చుంది. తెల్లవారుజామున లేచి, స్టవ్ పక్కన నిలబడి పాఠాలు పైకి చదివేది. "నాకు కూడా వచ్చేసింది. పరీక్ష నేను రాసేస్తాలే" అనేవాడు మొగుడు, దుప్పటి ముసుగులోంచి. ముప్పై ఒక్క మందిలో రెండోదిగా పాసైంది. ఇక లాండ్రీలో వాళ్లకు క్లాసు చెప్పే పని ఆమెకే పడింది.

ఆ చదువులో ఆమె మరిచిపోలేనిది ఒకటుంది. సూది గుచ్చుకున్నాక, దాని మీది రక్తం నుంచి హెచ్‌ఐవి అంటకుండా వాడే మందు ఎంత త్వరగా మొదలుపెడితే అంత మంచిది. మూడు రోజులు దాటితే ఇక ఇవ్వరు. తోడికోడలు అడుగుతున్నవి సరిగ్గా ఆ మూడు రోజులే. మందు కావాలంటే ప్రమాదాల పుస్తకంలో రాయాలి. గుచ్చుకున్న మనిషే సంతకం పెట్టాలి. పెడితే బోర్డు సున్నాకి దిగుతుంది.

రెండింటికి యంత్రాలు ఆపి, బట్టల బళ్ల మధ్య క్లాసు పెట్టారు. ఇరవై ఇద్దరు కూర్చున్నారు.

"త్వరగా కానివ్వు పంతులమ్మా, కునుకు పడుతోంది" అన్నాడు ఇస్త్రీ యంత్రం పెద్దాయన.

కళ్లజోడక్క తెచ్చుకున్న పటాలు చుట్టి పక్కన పెట్టింది. ప్రమాదాల పుస్తకం తెరిచింది. దాదాపు మూడేళ్లుగా ఖాళీ.

"నాకు నాలుగుసార్లు గుచ్చుకుంది" అంది. "మా చిన్నమ్మాయి పరీక్ష మొదటి రోజున ఒకటి. మా ఆయన కాలు విరిగిన వారంలో ఒకటి. మిగతా రెంటికీ నెలలు గుర్తున్నాయి. ఆరు నెలలు నా కంచం, గ్లాసు వేరుగా కడుక్కున్నాను. ఎందుకని ఇంట్లో అడిగితే దగ్గని చెప్పాను. రోగం అలా అంటదని మొన్న శిక్షణలో చెప్పేదాకా నాకు తెలియదు."

చెబుతూనే నాలుగూ రాసి, నాలుగుచోట్లా సంతకం పెట్టింది.

"పాతవన్నీ ఇప్పుడు తవ్వడం ఎందుకమ్మా?" అన్నాడు సూపర్‌వైజర్. "మూడు రోజులు ఆగలేవా?"

"పాతవి ఆగుతాయి సార్. కొత్తది ఆగదు."

ఆమె ఎవరి వైపూ చూడలేదు. పెద్దాయన మోకాళ్లు పట్టుకుని లేచాడు.

"నావి వేళ్ల మీద లెక్కపెట్టాలంటే టేపులు ఊడదీయాలి. ఆ పెన్నిటివ్వు."

నవ్వారు. నవ్వుతూనే ఒకరి వెనక ఒకరు లేచారు. వరస సగానికి వచ్చేసరికి తోడికోడలు అందరినీ తప్పించుకుని ముందుకు వచ్చింది. గ్లవ్ విప్పి, వేలు చూపించింది.

"ఇవాళ పొద్దున, తొమ్మిదిన్నరకి. నువ్వే రాయక్కా, నా రాత కోడి కెలికినట్టుంటుంది. సంతకం నేను పెడతా."

కళ్లజోడక్క రాసింది. తర్వాత బోర్డు దగ్గరికి వెళ్లి, అంకె మొత్తం తుడిచి, షెడ్డు ఆ చివరికి కూడా కనిపించేంత పెద్దగా సున్నా రాసింది. ఎవరో బట్టల బండి మీద అరచేత్తో గట్టిగా కొట్టారు. ఇంకొకరు కొట్టారు. ఆ తర్వాత షెడ్డు రేకులు అదిరేలా అందరూ కొట్టారు. సెలవు పోయిందన్న మాట ఒక్కరి నోటి నుంచీ రాలేదు.

మూడు గంటల పదినిమిషాలకు, ఆసుపత్రి మందుల గదిలో తోడికోడలు మొదటి మాత్ర మింగింది.

"చేదుగా ఉందా?"

"నీ క్లాసు కన్నా నయం" అంటూ కళ్లజోడక్క భుజం మీద తల ఆనించింది.

సాయంత్రానికి పుస్తకంలో యాభై మూడు సూదిపోట్లు ఉన్నాయి. అందులో సగానికి పైగా ఆపరేషన్ వార్డు మూటల్లోవి. ఈ క్లాసులు ఆపించాలని సూపర్‌వైజర్ ఆ పుస్తకం పట్టుకుని పెద్ద డాక్టరమ్మ గదికి వెళ్లాడు. మర్నాడు పొద్దున్నే ఆవిడ లాండ్రీకి దిగి వచ్చింది. ఆవిడను అక్కడ ఎవరూ అంతవరకు చూడలేదు. బల్ల దగ్గర నిలబడి, మొదటి సంతకం నుంచి చివరి సంతకం దాకా చదివింది. కళ్లజోడక్కను పిలిచి ఆపరేషన్ వార్డు మూటలు చూపించమంది. చూసి, అందరికీ వినిపించేలా చెప్పింది.

"ఇవాళ్టి నుంచి మూటలో ఒక్క సూది కనిపించినా, ఆ మూటను మళ్లీ కట్టేసి అదే వార్డుకు పంపండి. మిగతా సూదులు అక్కడి సర్జన్ తన చేతుల్తో ఏరుతాడు."