చందనం లేని రోజు

నా చిన్నప్పుడు సింహాచలం కొండ మీద చెప్పిన ఒక అబద్ధం, ఇన్నేళ్లకి జపాన్‌లో ఒక గుడి మెట్ల మీద నా పక్కనే వచ్చి కూర్చుంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

ముందు ఆ గుడి సంగతి చెప్పాలి. మా గాజువాక కాలనీలో పొద్దున్నే నడకకి వెళ్లే రిటైరైన వాళ్లమంతా కలిసి పోయిన నెలలో క్యోటో వెళ్లాం. ఆ ఊరి నిండా గుళ్లే. చూడటానికి వెళ్లామనే గానీ చేసిందంతా పరుగే. గైడు అమ్మాయి పసుపు జెండా ఎత్తి ముందు నడుస్తుంది, మేము వెనక. చెప్పులు విప్పు, చల్లటి చెక్క నేల మీద నడువు, చెప్పులు తొడుక్కో, బస్సెక్కు, దిగు. మూడో రోజుకి రాళ్ల తోట ఏ గుళ్లో చూశామో, ఎర్ర గుమ్మాల వరస ఎక్కడ చూశామో అంతా కలగాపులగం అయిపోయింది. మోకాళ్లు మొరాయించాయి. నిజం చెప్పొద్దూ, దేవుళ్ల మీద కూడా విసుగొచ్చేసింది.

అయినా ఈడ్చుకుంటూ నడిచానంటే అది మా ఆయన కోసం. ఆయన విశాఖ పోర్టులో ఉద్యోగం చేసినన్నాళ్లూ జపాన్ వెళ్లే ఓడల్లోకి ఇనుప ఖనిజం ఎక్కించారు. ఇంటికొస్తే చొక్కా, చెవులు, కనురెప్పలు అన్నీ ఎర్రదుమ్మే. మన మట్టి ఇంత మోసుకుపోయిన దేశం ఎలా ఉంటుందో ఒక్కసారి చూడాలని ఆయన కోరిక. తీరా ఇద్దరం బయల్దేరదామనుకునే సరికి షుగరు ఆయన కళ్లు తినేసింది. ఫొటోలు పంపినా చూడలేరు. "నువ్వెళ్లి సూసి సెప్పు. నువ్వు సూస్తే నాను సూసినట్టే" అని పట్టుబట్టి పంపారు.

అందులోనూ ఆయన మరీ మరీ అడిగింది ఒక గుళ్లోని కరుణ దేవత గురించి. ఆమెకి బోలెడు చేతులని రేడియోలో విన్నారట. అన్ని చేతులున్నావిడ ఒక్క చెయ్యి నా కళ్ల మీద పెట్టకపోతుందా, దణ్ణం పెట్టి మొహం ఎలా ఉందో చూసి రా అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ నవ్వు వెనక ఆశ ఎంతుందో నాకు తెలుసు.

మూడో రోజు మధ్యాహ్నం ఆ గుడికి చేరాం. అంతా ఎక్కుడు దారి. ఆయాసపడుతూ గర్భగుడి ముందుకి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. ఆ విగ్రహాన్ని ఎన్నో ఏళ్లకోసారి గానీ చూపించరట, ఇది తలుపులు తీసే ఏడు కాదట. గైడు అమ్మాయి తల వంచి మరీ క్షమించమంది. మావాళ్లు కాసేపు సణిగి ఫొటోలు తీసుకోవడానికి వెళ్లిపోయారు. నా ఒంట్లో ఉన్న కాస్త సత్తువా అక్కడే దిగిపోయింది. మెట్ల మీద కూలబడ్డాను. అక్కడ చేతికిచ్చిన కాగితం మీద దేవత బొమ్మ స్పష్టంగా ఉంది. సాయంత్రం ఫోనులో అది చూసి చెప్పేస్తే సరి. ఆయన సంతోషిస్తారు, ఎవరికి తెలుస్తుంది? అనుకున్నానో లేదో, మా మామ్మ గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఏడేళ్లు. విశాఖలోనే, పాతపట్నంలో ఉండేవాళ్లం. మామ్మ రెండు కళ్లకీ పొరలు కమ్మేశాయి. సింహాచలం అప్పన్న ఏడాది పొడుగునా చందనం ముద్దలోనే ఉంటాడు. వైశాఖంలో ఒక్కరోజు మాత్రం చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. మామ్మ ఆ ఒక్కరోజుకి నన్ను తన కళ్లుగా తోడు తీసుకెళ్లింది. స్వామి ఎలా ఉన్నాడో నేను చూసి చెప్పాలి, అంతే నా పని.

తెల్లారకుండా నిలబడితే మధ్యాహ్నానికి కదిలింది వరస. రాళ్లు కాలుతున్నాయి, చుట్టూ పెద్దవాళ్ల నడుములే. సరిగ్గా స్వామి ఎదుటికి వచ్చేసరికి ఎవరిదో పెద్ద వీపు అడ్డొచ్చింది, వెనకనుంచి ఒక తోపు తోశారు, బయట ఉన్నాం. నేనేమీ చూడలేదు.

మెట్ల దారిలో నీటి ధార దగ్గర కూర్చోబెట్టి మామ్మ అడిగింది. ఆ మొహంలో ఆత్రం చూసి, చూడలేదని చెప్పడానికి నోరు రాలేదు. పచ్చగా, గుండ్రంగా, చందనం ముద్దలా ఎంతో బాగున్నాడని చెప్పేశాను. మామూలు రోజుల్లో ఎప్పుడూ చూసేది అదే కదా. ఆ రోజు చందనం ఉండదన్న సంగతి అలసటలో నాకు తట్టనే లేదు.

మామ్మ జోడించబోయిన చేతులు దించేసింది. కాసేపటికి నాకే తెలిసొచ్చి గొల్లుమన్నాను. తిడుతుందనుకుంటే, నా బొబ్బలెక్కిన కాళ్లు ఒళ్లోకి లాక్కుని ధార నీళ్లతో తడిపింది.

"ఓలె గుంటా, సూడకపోతే సూడ్నేదని సెప్పాలి. అది తప్పు కాదు. ఏటి సూసినావో అది సెప్పు, సాలు."

వెక్కుతూనే చెప్పాను. చెమటకి తడిసిన వీపు, ఒకావిడ జడలో వాడిపోయిన సంపెంగలు, మధ్యలో అరిగి నున్నబడిన రాతి గడప. గడప అనగానే నన్ను ఆపి, ఎంత అరిగిందని అడిగింది. ఆవిడ అరచెయ్యి పట్టుకుని, ఇంత లోతని గుంటలా వంచి చూపించాను. మామ్మ అక్కడే ఆ గడపకి చేతులు జోడించింది. ఆ తర్వాత ఆవిడ మళ్లీ కొండెక్కలేకపోయింది. ఆ దర్శనం నా వల్లే పోయిందని నేను చాలా ఏళ్లు కుమిలిపోయాను. ఆవిడ మాత్రం బతికినన్నాళ్లూ, మా మనవరాలు నాకు అప్పన్న గడప చూపించిందని వీధంతా చెప్పుకుంది.

కాగితం మడిచి సంచిలో పెట్టేశాను. మోకాళ్లు పట్టుకుని లేచి ఆ మూసిన తలుపుల దగ్గరికి మళ్లీ వెళ్లాను. మూడు రోజుల్లో నేను నిజంగా నిలబడి చూసింది వాటినే.

సాయంత్రం ఫోను చేస్తే ఆయన మొదటి గంటకే ఎత్తారు. చూడలేదండీ, తలుపులు మూసున్నాయి అన్నాను. అవతల ఇంట్లో ఫ్యాను చప్పుడు వినిపించింది. ఆ ఆశ పోయిందని నాకు తెలిసింది, ఆయనకీ తెలిసింది. ఏడుపొచ్చింది.

"తలుపు ఎలాగున్నాదేటి?" అన్నారు.

చెప్పాను. నల్లబడిన పాత చెక్క. చేతులు తగిలే ఎత్తులో మాత్రం నున్నగా మెరుస్తోంది. పైనుంచి కింది దాకా ఇనుప బొడిపెలు.

"ఇనుమా? తాకినావా?"

తాకానన్నాను. చల్లగా ఉందన్నాను. మన ఇనుము కాదులే, అది ఏనాటిదో అని తనలో తనే నవ్వుకున్నారు. ఇంకా చెప్పమన్నారు.

ఇంటికొచ్చి నెల కావస్తోంది, ఆయన ఇప్పటికీ ఆ తలుపు గురించే అడుగుతారు. ఒంట్లో ఓపిక ఉన్నా లేకపోయినా మళ్లీ మొదట్నుంచీ చెబుతాను. మామ్మ తడిపిన కాళ్లు ఇవి, ఇప్పుడు ఒట్టి నొప్పుల పుట్టలు. ఆవిడ మాట మాత్రం నన్ను వదల్లేదు. మొన్న కాఫీ ఇస్తుంటే, మొత్తం ఎన్ని బొడిపెలున్నాయని అడిగారు. ఏదో ఒక అంకె చెబితే ఆయన ఎంతో మురిసిపోయేవారు.

లెక్కపెట్టలేదండీ, అన్నాను.