నిద్ర పట్టని కారు

"మా వాడికి ఆయాసం వచ్చిన రోజే ఈ కారు కదలకపోతే ఏం చెయ్యాలి పిన్నిగారూ?"

కార్ల కరెంటు పనులు చేసే షాపులో అడుగుపెట్టగానే నేనన్న మొదటి మాట అదే. నమస్కారం కూడా పెట్టలేదు. ఆమె తలెత్తి చూసి, "ముందు బానెట్ ఎత్తమ్మాయ్, తర్వాత తీరిగ్గా భయపడదాం" అంది.

ఆమెని అందరూ మీటరమ్మ అంటారు. మెడలో ఎర్రతాడుకి కరెంటు కొలిచే మల్టీమీటరు వేలాడుతుంటుంది. నిజానికి కార్ల ఎలక్ట్రీషియన్ ఆమె భర్త. ఈమె కౌంటరు చూసుకునేది. ఆయనకి చూపు మందగించి ఎర్ర వైరూ నల్ల వైరూ ఒకేలా కనిపించడం మొదలయ్యాక, పక్కన నిలబడి అంకెలు చదివి చెప్పేది. "అంకె నేను చదివి, అర్థం ఆయన చెప్పి, పని మళ్లీ నేనే చెయ్యడం దేనికని, ఆ అర్థమేదో నేనే నేర్చేసుకున్నా" అంటుంది. ఇరవై ఏళ్లయింది. ఇప్పుడు కౌంటరు ఆయనది, వ్యాఖ్యానంతో సహా.

మా రెండేళ్లవాడికి ఆయాసం. ఆసుపత్రి పన్నెండు కిలోమీటర్లు. ఒకసారి వాణ్ణి దింపే హడావిడిలో కారు లోపలి లైటు ఆర్పడం మరిచాను. తెల్లారేసరికి బ్యాటరీ ఖాళీ. కొత్తది వేయించాను. మూడు వారాల్లో అదీ రెండుసార్లు చచ్చింది. ఒకాయన డైనమో పోయిందన్నాడు, ఇంకొకాయన వైరింగంతా మార్చాలన్నాడు. ఫిజిక్స్ చదివినదాన్ని కదా, నాకు ఇద్దరి మాటా నిజమే అనిపించింది. ఇదంతా ఆమెకి చెప్పాను.

ఆమె బ్యాటరీ నెగటివ్ తీగ విప్పి మధ్యలో మీటరు కలిపింది. నా చేత రిమోట్‌తో తాళం వేయించింది. తర్వాత స్టూలు లాక్కుని బఠాణీలు ఒలవడం మొదలెట్టింది.

"ఇప్పుడేం చెయ్యాలండీ?"

"ఏమీ చెయ్యకూడదు. లోపలి కంప్యూటర్లు ఒక్కొక్కటే పడుకుంటాయి. అరగంట పడుతుంది. అన్నీ పడుకున్నాకే కరెంటు తాగే దొంగ బయటపడతాడు."

అంకె తగ్గుతూ తగ్గుతూ చివరికి ముప్పై మిల్లీయాంపుల దగ్గర ఆగింది. "పసిపిల్ల ఊపిరంత. దీనికే రోగమూ లేదు" అంది.

రోగమే లేకపోతే మందేముంది? సంచిలో ఉన్న చెయ్యి దానంతటదే రిమోట్ నొక్కింది. టక్. లైట్లు మెరిశాయి. మీటరు ఒక్క గెంతులో రెండు యాంపులకి చేరింది.

ఆమె చేతిలో బఠాణీకాయ ఆగిపోయింది. "ఎందుకు నొక్కావు?"

"బతికుందో లేదోనని..."

"రోజుకి ఎన్నిసార్లు?"

దాచలేకపోయాను. పొద్దున లేవగానే, వాడు తిన్నాక, వాడు దగ్గినప్పుడల్లా. బాల్కనీలోంచి నొక్కి, లైట్లు మెరిస్తే ధైర్యం తెచ్చుకునేదాన్ని. ఇరవైసార్లు ఉంటుంది.

"నొక్కినప్పుడల్లా అరగంట మెలకువ. నువ్వు దీన్ని రోజుకి పది గంటలు కూర్చోబెడుతున్నావు తల్లీ!"

మనసులో గుణించుకున్నాను. బ్యాటరీలో సగం నా ధైర్యానికే ఖర్చు.

కౌంటరు దగ్గర్నుంచి కేక వినిపించింది. "ఏమేవ్, దొంగ దొరికాడా?"

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నా మీటరు పట్టింది!"

"ఏం చదువుకుందట?"

"ఫిజిక్సట."

"అయితే రిపేరు బిల్లు వద్దు, ట్యూషన్ ఫీజు రాయి!"

కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వాను. మూడు వారాల్లో నవ్వడం అదే మొదలు.

బానెట్ మూస్తూ ఆమె చెప్పింది. "పడుకున్నవాళ్లని లేపి, నిద్రపట్టిందా అని అడక్కమ్మాయ్. ఆ రిమోట్ తాళం గుమ్మం పక్కన మేకుకి తగిలించు, చేతిలో వద్దు. అంత భయమైతే సాయంత్రంపూట పిల్లాణ్ణెక్కించుకుని ఆసుపత్రి దాకా వెళ్లి వచ్చెయ్. బ్యాటరీకి మేత, నీకు దారి అలవాటు."

ఇప్పుడు వారంలో మూడు సాయంత్రాలు అలాగే వెళ్లొస్తున్నాం. ఆసుపత్రి గేటు కనబడగానే మావాడు చెయ్యూపి టాటా చెబుతాడు, నేను వెనక్కి తిప్పుతాను.