రైలొచ్చేదాకా దాచిన సిగార్లు

మా నాయిన బస్సు డ్రైవరు. ఉద్యోగమంతా మెదక్ నుంచి హైదరాబాదుకు, హైదరాబాదు నుంచి మెదక్‌కు తిరగడంతోనే గడిచింది. అలాంటి మనిషికి రైలంటే విపరీతమైన ఇష్టం. అప్పట్లో మా ఊరికి పట్టాలు లేవు. రైలు వస్తుందన్న మాట మాత్రం ఆయన చిన్నప్పటి నుంచీ వింటున్నాడు. ఆయన రిటైరయ్యే నాటికి ఊరి బయట పట్టాల కోసం మట్టికట్ట పోయడం మొదలైంది. రోజూ పొద్దున్నే నడక పేరుతో అటు వెళ్లి, ఎంత ఎత్తు లేచిందో చూసి వచ్చి అమ్మకు చెప్పేవాడు. అమ్మ వినేది కాదు.

ఆ ఎండాకాలంలోనే మా మేనమామ సెలవు మీద వచ్చాడు. ఆయన అమ్మకు తమ్ముడు, దుబాయ్‌లో ఒక పెద్ద హోటల్లో వంటవాడు. బావ రిటైరయ్యాడని కానుకగా చిన్న చెక్క పెట్టె తెచ్చాడు. మూత తీయగానే ఇల్లంతా ఏదో కొత్త వాసన నిండింది. కొంచెం బెల్లంలా, కొంచెం కొత్త చెప్పుల తోలులా. లోపల పది సిగార్లు, ఒకదాని పక్కన ఒకటి ముద్దుగా పడుకొని ఉన్నాయి.

"గివి దొరలు తాగే చుట్టలు బావా," అన్నాడు మామ.

అమ్మ ముఖం మాడిపోయింది. నాయిన అంతకు ముందే గుండెనొప్పితో దవాఖానలో పడి, ఇంటికొచ్చాక బీడీలు మానేశాడు. మానిపించడానికి అమ్మ పడ్డ అవస్థ ఇంతా అంతా కాదు.

"మానిన మనిషికి మల్ల అలవాటు చెయ్యనీకి వచ్చినవారా నువ్వు?" అని తమ్ముడి మీద విరుచుకుపడింది.

మామ బిక్కముఖం వేశాడు. నాయిన పెట్టె మూసి ఒళ్లో పెట్టుకున్నాడు. "నేను ముట్ట. కానీ మన ఊరికి రైలొచ్చిన దినం ఒక్కటి కాలుస్త. ఒక్కటంటే ఒక్కటే. మల్ల జన్మల అడగ."

అమ్మ ఆయన వంక చూసి పకపకా నవ్వింది. "రైలొచ్చిన దినమా? అయితే కాల్చుకో. నేనేమన." అది జరిగేది కాదని ఆమె ధీమా.

మామ మాత్రం తల అడ్డంగా ఊపాడు. "గన్ని దినాలు గివి ఆగవు బావా. మా దగ్గరైతే ఏసీ రూములల్ల, తేమ సరిగ్గ ఉండే పెట్టెలల్ల పెడ్తరు. మన మెదక్ ఎండకు ఒక్క ఎండాకాలం గూడ దాటవు. ఎండి కట్టెలైతయ్, లేకుంటే పురుగు పడ్తది. రెండు దినాలల్ల దోస్తులకు పంచెయ్."

నాయిన ముఖం చిన్నబోయింది. ఆ ముఖం చూడలేక నేను కల్పించుకున్నాను.

"ఎందుకు ఆగవు మామా? నేను దాస్త."

"నువ్వా? నువ్వేం దాస్తవ్ కోడలా! లెక్కలు చెప్పుకో పో," అని నవ్వేశాడు. నేను అప్పుడు ఊళ్లోని ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతుండేదాన్ని. ఆ నవ్వు నాకు బాగా గుచ్చుకుంది. నాలో పట్టుదల పుట్టింది ఆ క్షణంలోనే.

మొదట నేను చేసింది అందరూ చేసేదే. పేపర్లో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టాను. చల్లగా ఉంటే చాలనుకున్నాను. కొన్ని వారాల తర్వాత తీసి చూస్తే సిగార్లు బిర్రబిగుసుకుపోయి ఉన్నాయి. వాటికి అల్లం వెల్లుల్లి ముద్ద వాసన పట్టింది. ఒకదాన్ని కొంచెం నొక్కగానే పైఆకు చిట్లి పొరలు పొరలుగా రాలింది. ఫ్రిజ్ చల్లబరుస్తుంది కానీ లోపలి తేమనంతా పీల్చేస్తుందని అప్పటిదాకా నాకు తెలియదు.

నాయినకు చెప్పడానికి భయపడ్డాను. ఆయన ఆ రాలిన ఆకును అరచేతిలో వేసుకొని వాసన చూశాడు. "ఒకటి పోతే పోయింది తీయ్ బిడ్డా. ఇంక తొమ్మిదున్నయ్ గద," అన్నాడు.

ఆ మాటతో నాకు ధైర్యం వచ్చింది. బళ్లో ఖాళీ పీరియడ్ దొరికితే చాలు, ఫోన్‌లో వీటి గురించే చదివేదాన్ని. సిగార్‌కు ఎండ పడదు, మరీ తేమా పడదు. తేమ తక్కువైతే చిట్లుతుంది, ఎక్కువైతే బూజు పడుతుంది. వేడి పెరిగితే ఆకులో కంటికి కనిపించని గుడ్లు పొదిగి పురుగు బయటికి వస్తుంది. అంటే మా ఊళ్లో ఏడాదంతా ఏదో ఒక గండం ఉన్నట్టే.

మూత గట్టిగా పట్టే, గాలి చొరబడని డబ్బా ఒకటి కొన్నాను. తేమ కొలిచే చిన్న మీటరు ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఆ మీటరు నిజం చెబుతుందో లేదో చూడాలంటే ఒక ఉపాయం ఉంది. సీసా మూతలో ఉప్పు పోసి, నీళ్లు చిలకరించి, తడి ఇసుకలా చేసి మీటరుతో పాటు డబ్బాలో మూసి ఉంచాలి. తడి ఉప్పు ఉన్న చోట తేమ నూటికి డెబ్బై ఐదు దగ్గర ఆగిపోతుంది. మీటరు అంతకు ఎంత తక్కువ చూపితే అంత కలుపుకోవాలి.

అమ్మ వచ్చి చూసింది. "చుట్టలకు ఉప్పేస్తున్నవా? ఊరగాయ పెడ్తున్నవానే?"

"ఊరగాయ కాదమ్మా, మీటరుకు పరీక్ష పెడ్తున్న."

"పిల్లలకు పెట్టేది చాలదా!" అనుకుంటూ వెళ్లిపోయింది.

మీటరు కొంచెం తక్కువ చూపిస్తోందని తేలింది. ఆ తేడా గుర్తు పెట్టుకొని, తేమను తనంతట తానే సరిచేసే చిన్న పొట్లాలు రెండు తెప్పించి డబ్బాలో వేశాను. డబ్బాలో గాలి పొడిగా ఉంటే అవి తేమ వదులుతాయి, తేమ ఎక్కువైతే పీల్చుకుంటాయి. ఎండిన సిగార్లకు తొందరపడి తడి తగిలిస్తే ఉబ్బి పగిలిపోతాయట. అందుకే ఓపిక పట్టాను. నెమ్మదిగా అవి మళ్లీ మెత్తబడ్డాయి. వెల్లుల్లి వాసన కూడా కొంచెం కొంచెంగా వదిలి, ఆ బెల్లం వాసన తిరిగి వచ్చింది.

ఇక వేడి సంగతి. మా ఇంట్లో వెనక అర్ర ఒక్కటే పాతది, మట్టిగోడలది. ఏసీ లేదు. అక్కడ ఒక పెద్ద మట్టికుండ పెట్టి, అందులో ఇసుక పోసి, ఆ ఇసుకలో చిన్న కుండ దింపాను. చిన్న కుండలో సిగార్ల డబ్బా. పైన తడిపిన గోనెసంచి. పొద్దునా సాయంత్రం ఇసుక మీద నీళ్లు చల్లితే చాలు, ఎండాకాలంలో ఆ కుండ లోపల చెయ్యి పెడితే హాయిగా ఉండేది. డబ్బాకు మూత గట్టిగా ఉంది కాబట్టి బయటి తడి లోపలికి పోదు.

ఆ నీళ్లు చల్లే పనిని నాయిన తీసుకున్నాడు. పొద్దున చాయ్ తాగి, చెంబు పట్టుకొని వెనక అర్రలోకి వెళ్లేవాడు. ఎవరైనా ఇంటికొస్తే, "జర కూసోండ్రి, చుట్టలకు నీళ్లు పోసొస్త," అనేవాడు. వాళ్లు అమ్మ వంక చూసేవాళ్లు. అమ్మ నా వంక చూసేది.

వానాకాలంలో కుండ పని లేదు. డబ్బాను గోడ అల్మారాలోకి మార్చి, నీళ్లు చల్లడం మానేసేవాళ్లం. అలా రెండు ఎండాకాలాలు దాటాయి. మామ ఫోన్ చేసినప్పుడల్లా, "ఏమైనయ్ కోడలా, పొయ్యిల పెట్టినవా లేదా?" అని అడిగేవాడు.

ఆ తర్వాతి ఎండాకాలం నాకు పరీక్షల పని పడింది. అమ్మా నాయినా ఏడుపాయల అమ్మవారి దర్శనానికి వెళ్లి, అక్కడి నుంచి నిజాంపేటలో చుట్టాల పెళ్లికి వెళ్లారు. పరీక్షల హడావిడిలో కుండ సంగతి మరిచి, నేను కూడా వెళ్లి పెళ్లిలో వాళ్లను కలుసుకున్నాను. తిరిగొచ్చేసరికి ఇసుక ఎండి రాయిలా ఉంది. కుండ లోపల వెచ్చగా తగిలింది. అప్పటికి ఏమీ కనిపించలేదు. కొన్ని రోజులకు డబ్బా తెరిస్తే, ఒక సిగార్ ఒంటి మీద సూదితో గుచ్చినట్టు గుండ్రటి రంధ్రం, దాని కింద గోధుమరంగు పొడి. పక్కదానికీ అలాంటిదే.

రెండింటినీ తీసుకుపోయి పొయ్యిలో వేశాను. ఇంక ఏడున్నాయి. వాటిలో గుడ్లు లేవని నమ్మకం ఏమిటి? గట్టిగా చల్లబరిస్తే పురుగూ గుడ్డూ చచ్చిపోతాయని చదివాను. కానీ మా ఫ్రిజ్‌లో ఐసు కూడా సరిగ్గా గడ్డకట్టదు, పైగా కరెంటు పోతూ వస్తూ ఉంటుంది.

మా వీధి చివర ఐస్‌క్రీం దుకాణం ఉంది. దాన్ని నడిపే చాచా మా నాయినకు పాత స్నేహితుడు. ఆయన దగ్గర పెద్ద డీప్ ఫ్రీజరు, కరెంటు పోతే జనరేటరు ఉన్నాయి. సిగార్లను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, గాలంతా తీసి, దాని మీద ఇంకో కవరు కట్టి పట్టుకుపోయాను.

"చాచా, ఇది మీ ఫ్రీజర్ల కొన్ని దినాలు పెట్టనిస్తరా?"

"ఏందది బేటీ?"

"నాయిన సిగార్లు. పురుగు పడ్డది. సలికి సస్తదంట."

ఆయన గాభరాగా దుకాణంలో ఉన్నవాళ్ల వైపు చూశాడు. "జర మెల్లగ మాట్లాడు బేటీ! ఐస్‌క్రీం దుకాణంల పురుగంటే గిరాకీ ఉంటదా?"

నాకు నవ్వాగలేదు. ఆయనకూ ఆగలేదు. కవరు అందుకొని తీసుకెళ్లి అడుగున, మూలన పెట్టాడు. "రైలొచ్చిన దినం నాకు గూడ ఒకటి ఇయ్యాలె, ముందే చెప్తున్న."

"మీకు షుగర్ ఉంది గద చాచా?"

"చుట్టల షక్కర ఉంటదా ఏంది?"

ఫ్రీజరులోంచి తీసినవి నేరుగా వేడిలోకి తెస్తే చిట్లిపోతాయి. అందుకని మొదట మా ఫ్రిజ్‌లో, తర్వాత వెనక అర్రలో ఉంచి, మెల్లగా మామూలు స్థితికి తెచ్చాను. కవరు విప్పుతుంటే నాయిన నా భుజం మీదుగా తొంగిచూస్తున్నాడు. ఏడింటికి ఏడూ చెక్కుచెదరలేదు. రంధ్రం లేదు, పొడి లేదు. "గెలిచినం బిడ్డా!" అని ఆయన చప్పట్లు కొట్టాడు. ఇకమీదట ఊరికి వెళ్తే కుండకు నీళ్లు పోసే పని చాచా ఇంటి వాళ్లకు అప్పజెప్పాలని అప్పుడే నిర్ణయించుకున్నాం.

పట్టాలు పడ్డాయి. స్టేషను లేచింది. చివరికి మొదటి ప్రయాణికుల బండి వచ్చే రోజు కూడా వచ్చింది.

నాయిన ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకున్నాడు. స్టేషను దగ్గర ఇసుక వేస్తే రాలనంత జనం. డప్పులు, పూలదండలు, పిల్లల కేకలు. నాయినతో పాటు బస్సు నడిపిన ఇద్దరు డ్రైవర్లు కూడా వచ్చారు. దూరాన ఇంజను కూత వినపడగానే ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. బండి ఆగాక జనాన్ని తోసుకుంటూ ముందుకు వెళ్లి, ఇంజను కిటికీ వైపు చెయ్యెత్తి, "సలాం డ్రైవర్ సాబ్!" అని అరిచాడు. లోపలున్న డ్రైవరు నవ్వి తిరిగి సలాం చేశాడు. మా నాయిన కళ్లు తడిసి మెరిశాయి. ముగ్గురు ముసలి డ్రైవర్లూ ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకొని, తామే నడిపి తెచ్చినట్టు నిలబడ్డారు.

ఆ సాయంత్రం మా ఇంటి ముందు కుర్చీలు వేశాం. నాయిన, ఆ ఇద్దరు డ్రైవర్లు, చాచా కూర్చున్నారు. నేను డబ్బా తెచ్చి వాళ్ల మధ్య పెట్టి మూత తీశాను. మొదటి రోజు మా ఇల్లు నిండిన వాసన కంటే ఇప్పుడు ఇంకా చిక్కగా, కమ్మగా వచ్చింది. ఒకటి తీసి వేళ్లతో నొక్కితే మెత్తగా దిగి మళ్లీ లేచింది.

ఫోన్‌లో మామ వీడియోలోకి వచ్చాడు. ఆయన చెప్పినట్టు బ్లేడుతో చివర కొంచెమే కోసి నాయినకిచ్చాను. మంట చుట్టూ సమంగా అంటుకుంది. ఆయన పొగ లోపలికి మింగకుండా నోట్లోనే ఉంచి, మెల్లగా వదిలాడు. మేమంతా ఆయన ముఖమే చూస్తున్నాం.

"ఎట్లున్నది బావా?" మామ ఆగలేకపోయాడు.

"చెప్పనీకి మాటలు దొరుకుతలేవురా."

"కోడలా, బూడిద చూపెట్టు."

ఫోన్ దగ్గరికి పెట్టాను. వేలి కణుపంత బూడిద, తెల్లగా, చెదరకుండా గట్టిగా నిలిచి ఉంది. మామ చాలాసేపు చూశాడు. "మా హోటల్ల దాచినవి గూడ గిట్ల కాలవు. మెదక్‌ల, కుండల పెట్టి! నేను ఓడిపోయిన కోడలా. సచ్చినట్టు ఒప్పుకుంటున్న."

అమ్మ ఎప్పుడొచ్చిందో గడపలో నిలబడి ఉంది. "మా అవ్వ తాగే చుట్ట కంటె వాసన జర నయమే ఉన్నది," అని, వచ్చి నాయిన పక్క కుర్చీలో కూర్చుంది. నాయిన సగం కాల్చి, చాలని పక్కన పెట్టేశాడు. మళ్లీ ఈ రోజు దాకా ముట్టలేదు. కానీ మిగతావాళ్లు కాలుస్తున్నంతసేపూ ఉప్పు పరీక్ష దగ్గర్నుంచి ఫ్రీజరు దాకా ఒక్కటీ వదలకుండా, అన్నీ తానే కనిపెట్టినంత సంబరంగా చెప్పాడు. మధ్యమధ్యలో నా వైపు చెయ్యి చూపిస్తూ, "మా బిడ్డనే, మా బిడ్డనే," అన్నాడు.

"మిగిలిన మూడు నాకు దాచు," అన్నాడు మామ ఫోన్‌లోంచి.

"దాస్త గనీ, ఈసారి బస్సుల వస్తే ఇయ్య మామా. రైల్ల రావాలె."

మరుసటి సెలవుకు ఆయన రైల్లోనే వచ్చాడు. మేమందరం స్టేషనుకు వెళ్లాం. సామాను దింపకముందే, కిటికీలోంచే అరిచాడు: "కుండకు నీళ్లు పోసిన్రా?"